తాళాలావిడ చెంప

రంగుల కొట్లో ముప్ఫై ఎనిమిదేళ్ళు పనిచేసిన మనిషికి సొంత పేరుతో పనేముంటుంది? అందరూ ఆయన్ని షేడు మాస్టారనే పిలిచేవారు. గోడ నుంచి గోరంత పెచ్చు గీకి తెచ్చి బల్ల మీద పెడితే చాలు, మాస్టారు దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ఒకసారి ఇటూ ఒకసారి అటూ తిప్పి చూసేవారు. వెనక్కి వచ్చి తెల్లరంగు డబ్బా మూత తీసి, మూడు నాలుగు సీసాల నుంచి చుక్క చుక్కగా రంగులు వేసి, కర్రతో తిప్పి, ఆ కర్ర కొసని ఒక అట్టముక్క మీద రాసి పెచ్చు పక్కన పెట్టేవారు. ఇక పెచ్చెక్కడుందో వెతుక్కోవాల్సిందే. "సరిపోయింది" అంటూ మూత మీద ఒక్క గుద్దు గుద్ది డబ్బా ఇచ్చేసేవారు. ఇంకోసారి కలపాల్సిన అవసరం ఆయనకి ఎప్పుడూ రాలేదు.

వచ్చే గిరాకీలో సగం మచ్చల గిరాకీయే. నెమ్మెక్కి పొంగిన గోడలు, మేకు పీకితే ఊడిన పెచ్చులు, లప్పం పెట్టి పూసినచోట వేరుగా కనపడే అతుకులు. మచ్చ కనపడకుండా చెయ్యడమే ఆయన పని, గర్వం కూడా. కొట్లోకి రంగులు కలిపే మిషను వచ్చాక కూడా, అది కలిపిన డబ్బాని మాస్టారికి ఓసారి చూపించందే యజమాని బయటికి పంపేవాడు కాదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని వాదించే రకం కాదాయన. ఆయన పట్టిన కుందేళ్ళకి నిజంగానే నాలుగు కాళ్ళుండేవి, అదీ చిక్కు. ఎప్పుడూ తప్పు చెయ్యనివాడికి తాను తప్పు చేశానని తెలియడానికి చాలా ఏళ్ళు పడుతుంది.

మాస్టారు చేసిన షేడ్లన్నిటిలోకీ గొప్పది కొట్లో చేసింది కాదు, పెళ్ళయిన ఏడాది ఇంట్లో చేసింది. ఆయన భార్యకి ఎడమ చెంప మీద పుట్టుకతో వచ్చిన తెల్లమచ్చ ఒకటుంది. ఒకసారి బంధువుల పెళ్ళిలో ఫొటో తీస్తుంటే ఆవిడ చటుక్కున ముఖం తిప్పేసుకుంది. కుర్ర మొగుడికి అది చూసి మనసు చివుక్కుమంది. పాపం, ఎంత బాధపడుతోందో అనుకున్నారు. ముఖానికి రాసుకునే పౌడరు, మందుల షాపులో దొరికే గులాబీ రంగు లోషను, అలాంటివే ఇంకో రెండు తెచ్చి మూడు వారాలపాటు రోజూ పొద్దున్నే కిటికీ దగ్గర కూర్చుని కలిపారు. చివరికి ఆవిణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి వేలితో చెంప మీద రాశారు. మచ్చ మాయమైంది. "సరిపోయింది" అని చిన్న డబ్బీలో పెట్టి ఇచ్చారు. ఆవిడ అద్దంలో చూసుకుని ఏమీ అనలేదు. సంతోషంతో మాట రాలేదనుకున్నారాయన.

అప్పటినుంచి ఆవిడ రోజూ ముఖం కడుక్కోగానే డబ్బీ మూత తీసేది. ఎండకీ వయసుకీ ఒంటి రంగు మారుతుంది కాబట్టి ఏడాదికోసారి మాస్టారు కొత్తది కలిపేవారు. ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని, కళ్ళు మూసుకుని, ముఖం కొంచెం పైకెత్తేది. ఆయన కొత్త రంగు చెంప మీద ఒక గీత గీసి చూసుకునేవారు. అలా ముప్ఫై ఆరు డబ్బీలు. భార్య కోసం ఇంత చేసిన మగవాడు ఈ వీధిలో లేడని మాస్టారి నమ్మకం. నిజం చెప్పాలంటే లేడు కూడా.

అయినా ఆవిడ ఒక్కతే ఉన్న ఫొటో ఆ ఇంట్లో ఒక్కటీ లేదు. నలుగురితో తీయించుకున్నవాటిలో కూడా ఎవరి భుజం వెనకో ఉండేది. అందుకే కొట్లో పని మానేసిన రోజున మాస్టారు ఒక నిర్ణయానికొచ్చారు. ఫొటోకి ఒప్పుకోని మనిషి బొమ్మకి ఒప్పుకోకపోతుందా? నూనె రంగులతో ఆవిడ ముఖం వేసి ముందుగదిలో పెట్టాలి. అరవై దాటాక మనసుకి పట్టిన ముచ్చట అంత తొందరగా వదలదు.

ఆవిడ విని నవ్వింది. "గోడలకి వేసినట్టు నాకూ రెండు పూతలు పూస్తారా?"

"నేర్చుకునే వేస్తానోయ్."

"అయితే ముందు నేర్చుకోండి. కుడివైపు నుంచి వేస్తానంటే కూర్చుంటాను."

రెండు వీధుల అవతల, బళ్ళో పిల్లలకి బొమ్మలు నేర్పి రిటైరైన టీచరుగారొకరున్నారు. డెబ్భై దాటాయి, మోకాళ్ళు మొరాయిస్తున్నాయి, నోరు మాత్రం ఇంకా పదునుగానే ఉంది. మాస్టారు చెప్పిందంతా విని ఆవిడ, "బతికున్న మనిషి జోలికి అప్పుడే వెళ్ళకండి. మనిషి కదులుతుంది, విసుక్కుంటుంది, బాగా రాకపోతే మనసు కష్టపెట్టుకుంటుంది. బొమ్మని ఎంత తగలేసినా పల్లెత్తు మాట అనదు. ఒక మంచి బొమ్మని ఎంచుకుని చూసి దించండి, ఉన్నది ఉన్నట్టు. అది నాకు నచ్చితే అప్పుడు మీ ఇంటావిడ," అన్నారు.

పాత లైబ్రరీ మేడ మీద ఒక పొడుగాటి గది ఉంది, అందులో పదకొండు పాత బొమ్మలు. అనుమతి కాగితం చూపిస్తే వారానికి రెండు పొద్దుటిపూటలు కూర్చుని దించుకోవచ్చు. మాస్టారు ఎంచుకున్నది ఏడోది. ఎవరు వేశారో తెలియదు, కింద రేకు మీద అక్షరాలు అరిగిపోయాయి. చీకటి గుమ్మంలో ఒక నడివయసు ఆవిడ కూర్చుని ఉంటుంది, ఒళ్ళో తాళాల గుత్తి. మొరటు వేళ్ళు, గోళ్ళలో మట్టి, పగిలిన కింది పెదవి. ఎందుకొచ్చావన్నట్టు చూస్తుంది. వేసినవాడు ఆవిడకి ఏ నగా పెట్టలేదు, ఏ నవ్వూ నవ్వించలేదు. మాస్టారు ఆవిడకి తాళాలావిడ అని పేరు పెట్టుకున్నారు.

తాళాలావిడ ఎడమ చెంప మీద, చెవి కింద నుంచి దవడ దాకా, రంగు వెలిసినట్టు తెల్లగా ఉండేది. మాస్టారు మొదటిరోజే చూసి నాలుక చప్పరించి, "గోడకి నెమ్ముందయ్యా. బొమ్మ పాడైపోయింది," అన్నారు కాపలాదారుతో.

కాపలాదారు గోడని అరచేత్తో తడిమి చూశాడు. "ఇరవయ్యేళ్ళుగా చూస్తున్నానండీ, ఈ గోడ వానాకాలంలో కూడా పొడిగానే ఉంటుంది."

"నీకు తెలీదులే," అన్నారు మాస్టారు. గోడల గురించి ఇంకొకరు ఆయనకి చెప్పడమా?

పని మొదలైంది. బొమ్మ మీదా క్యాన్వాసు మీదా ఒకే లెక్కన గళ్ళున్నట్టు ఊహించుకుని బొగ్గుతో గీసుకోవాలన్నారు టీచరుగారు. అది మాస్టారికి గోడలు కొలిచినంత తేలికగా వచ్చింది. క్యాన్వాసు మీద గోధుమరంగు పలచటి పూత వేసి, మరకా చారా లేకుండా ఎంత సాఫీగా వచ్చిందో చూడండన్నట్టు నిలబడ్డారు. "ఇల్లు అలకగానే పండగ కాదు మాస్టారూ," అన్నారావిడ. ముందు టర్పెంటైను కలిపిన పలచటి రంగు, ఆరాక దాని మీద అవిసె నూనె కలిపిన చిక్కటి రంగు. తిరగేస్తే పైపూత నెర్రెలిస్తుంది. ఆ సంగతి మాస్టారికి తెలుసు, గోడలూ అలాగే నెర్రెలిస్తాయి.

షేడ్ల దగ్గర ఆయనకి తిరుగులేదు. తాళాలావిడ నుదుటిలోనే పద్నాలుగు రంగులు కనిపెట్టి, ఒక్కోటీ అట్టముక్క మీద రాసి, బొమ్మకి జానెడు దూరంలో పట్టుకుని చూసి, "సరిపోయింది" అనుకునేవారు. తీరా పద్నాలుగూ పెడితే నుదురు నుదురులా రాలేదు, పటంలో జిల్లాల్లా వచ్చింది. టీచరుగారు ఒక పొడి కుంచె తీసుకుని రెండు రంగుల మధ్య గట్టుని మెల్లగా చెరిపారు. నుదురు గుండ్రంగా తిరిగింది. "ముఖంలో రంగులకంటే వాటి అంచులు ముఖ్యం. గోడకి అంచులుండవు కదా, అందుకే మీకు అలవాటు లేదు," అన్నారు. మాస్టారు ఆ రాత్రి అన్నం తింటూ భార్య నుదుటికేసి రెప్పవెయ్యకుండా చూస్తుంటే, "ఏమిటి, బొట్టు వంకరగా ఉందా?" అని అడిగిందావిడ.

ముఖం సగంలో ఉండగా టీచరుగారికి మోకాలు బాగా నొప్పి చేసి మూడు వారాలు మెట్లెక్కలేకపోయారు. మాస్టారు ఒక్కరే కూర్చుని ముఖం పూర్తిచేశారు. పెదవి పగులుతో సహా, గోళ్ళలో మట్టితో సహా. ఎడమ చెంప దగ్గరికి వచ్చేసరికి, పాడైపోయిన భాగం చుట్టూ ఉన్న రంగేదో చూసి, తన క్యాన్వాసు మీద దాన్నే లోపలికి లాక్కెళ్ళి, ఎక్కడ కలిసిందో తెలియకుండా కలిపేశారు. ఆ బొమ్మలో చేసిన పనంతటిలోకీ నిండుగా అనిపించింది అదే. వందేళ్ళుగా ఎవరూ చెయ్యని మరమ్మతు తాను చేశానని ఆ పూట కాపలాదారుకి టీ కూడా ఇప్పించారు.

నాలుగోవారం టీచరుగారు కర్ర పట్టుకుని వచ్చారు. దూరం నుంచి చూశారు, దగ్గర నుంచి చూశారు, చేతి అద్దంలో తిరగేసి చూశారు. "చెయ్యి తిరిగింది మాస్టారూ. కళ్ళు బాగా పట్టారు. మరి ఆవిడ చెంప మీద మచ్చ ఏది?"

"మచ్చ కాదండీ, నెమ్ము. వెనకనుంచి చెమ్మ ఎక్కి పెచ్చు లేచింది. నేను సరిచేశాను."

టీచరుగారు కాపలాదారు దగ్గర టార్చి తీసుకుని, బొమ్మ పక్కకి వెళ్ళి, వెలుగు అడ్డంగా పడేలా పట్టుకున్నారు. "ఇటు రండి. పెచ్చు లేస్తే ఏమవుతుంది?"

"గుంట పడుతుంది."

"ఇక్కడ గుంట ఉందా?"

మాస్టారు వంగి చూశారు. గుంట లేదు. మిగతా ముఖమంతా పలచగా, నున్నగా ఉంది. తెల్లగా ఉన్నచోట మాత్రం రంగు ఉబ్బెత్తుగా ఉంది, అందులో కుంచె వెంట్రుకల చారలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. ఎవడో నిండుగా రంగు తీసుకుని, తొందర లేకుండా పెట్టాడు.

"ముఖమంతటిలోకీ ఎక్కువ రంగు ఖర్చుపెట్టింది ఇక్కడే," అన్నారు టీచరుగారు. "అన్నిటికంటే చివర్న, అన్నిటికంటే పైన. అది ఆవిడ ముఖం మాస్టారూ. మీరు తీసేశారు."

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటారే, మాస్టారి పని అలా అయింది. గుంటకీ ఉబ్బుకీ తేడా తెలియని మనిషి కాదు. చీకట్లో చేత్తో తడిమి చెప్పగలరు. అయినా చూడలేదు. మచ్చ కనపడగానే కన్ను దాన్ని వదిలేసి చుట్టూ ఉన్న రంగుకి పరుగెత్తింది, అంతే. ముప్ఫై ఎనిమిదేళ్ళు దానికి నేర్పింది అదే మరి. కుంచెలు తుడుచుకుని మెట్లు దిగారు.

ఇంటికొచ్చి బల్ల దగ్గర కూర్చున్నారు. పాత షేడు కార్డు ఒకటి తిరగేసి పెన్సిలుతో భార్య ముఖం గీశారు, ఎడమవైపు నుంచి. నాలుగు నెలల సాధన, పోలిక బాగానే వచ్చింది. ఇక మచ్చ గియ్యబోయి ఆగిపోయారు. చెవి కింద మొదలవుతుందా, కాస్త ముందుకా? దవడ దాటుతుందా, దాటదా? గుండ్రమా, కోలా? గుర్తు రాలేదు. ముప్ఫై ఆరేళ్ళు ఆ చెంప మీద తన వేలితో రంగు రాసిన మనిషికి గుర్తు రాలేదు. డబ్బీలో ఏది ఎన్ని చుక్కలు వెయ్యాలో నిద్రలో లేపి అడిగినా చెప్తారు, మచ్చ ఆకారం తెలియదు. ఆయనకి సిగ్గేసింది, ఆ వెనకే భయమూ వేసింది.

ఆరిన బట్టలు చంకలో పెట్టుకుని వచ్చిన భార్య ఆ కార్డు చూసింది. "ఎవరిదీ బొమ్మ? నాదేనా? ఎడమవైపు వేశారేం?"

మాస్టారు జరిగిందంతా చెప్పారు. నెమ్ము సంగతి, టార్చి సంగతి. చెప్పి, చివరికి అడిగేశారు. "నేను డబ్బీ ఇచ్చిన రోజు నువ్వేమనుకున్నావు?"

ఆవిడ బట్టలు మంచం మీద వేసి ఒక చొక్కా మడతపెట్టింది. "ఇప్పుడెందుకవన్నీ?"

"చెప్పు."

"మీరు చూడలేకపోతున్నారు కాబోలనుకున్నాను."

"నేనా? నువ్వే కదా బాధపడ్డావు. ఆ పెళ్ళిలో ఫొటోకి ముఖం తిప్పుకున్నావు."

"ఏ పెళ్ళి?" అని ఆలోచించింది. ఆలోచించి ఆలోచించి నవ్వేసింది. "ఆ ఫొటో అతను లైటు తెచ్చి కళ్ళలో పెట్టాడండీ. కళ్ళు బైర్లు కమ్మాయి. అందుకు తిప్పుకున్నాను." ఇంకో చొక్కా తీసుకుంది. "మా ఇంట్లో ఆ మచ్చని ఎవరూ పట్టించుకోలేదు. నాకు కోపమొస్తే అది ఎర్రబడుతుందని మా నాన్న ఏడిపించేవాడు, అంతే. కందకి లేని దురద కత్తిపీటకెందుకన్నట్టు, మీరు మూడు వారాలు కూర్చుని డబ్బీ చేసిపెట్టారు. అంత కష్టపడ్డారంటే అది మీకు ఎంత కంటగింపుగా ఉందో అనుకున్నాను. ముఖం తిప్పుకోవడం ఆ తర్వాత నేర్చుకున్నదే."

ఆవిడ గొంతులో నిష్ఠూరం లేదు. ఎప్పుడో అరిగిపోయినట్టుంది. అదే మాస్టారికి ఎక్కువ నొప్పి పుట్టించింది. నేనలా అనుకోలేదే అని చెప్పాలనుకున్నారు. ముప్ఫై ఆరేళ్ళ తర్వాత ఆ మాటకి విలువేముంది? డబ్బీ పారేద్దామనబోయి నోరు నొక్కుకున్నారు. అప్పుడు రాసుకోమన్నా తానే, ఇప్పుడు తీసెయ్యమన్నా తానేనా? చెపితే ఆవిడ వింటుంది, అదే భయం. అందుకని తన వంతు బట్టలు తీసుకుని మడతపెడుతూ కూర్చున్నారు.

మర్నాడూ ఆవిడ ఎప్పటిలాగే డబ్బీ మూత తీసింది. ఆయన ఎప్పటిలాగే పేపరు చదువుకున్నారు. కానీ అందులో ఏం చదివారో అడిగితే చెప్పలేరు.

లైబ్రరీ మేడ మీద తాళాలావిడకి మచ్చ పెట్టడానికి ఆయనకి ఐదు వారాలు పట్టింది. తెలుపంటే తెలుపే కదా అనుకుంటే కాదు. మధ్యలో పాలమీగడలా ఉంది, చెవి దగ్గర గులాబీ, దవడ వంపులో నీడపడి కొంచెం ఆకుపచ్చ. అంచు గీతలా లేదు. చిన్న చిన్న ముక్కలుగా విడిపోయి చెంపలో కలుస్తోంది. ఆయన అట్టముక్క పట్టుకుని "సరిపోయింది" అనుకోవడం, తీరా చూస్తే సరిపోకపోవడం, కత్తితో గీకెయ్యడం. షేడు మాస్టారికి షేడు కుదరలేదంటే కొట్లోవాళ్ళు నమ్మేవాళ్ళు కాదు. టీచరుగారు ప్రతివారం చూసి తల అడ్డంగా ఊపేవారు. ఐదోవారం ఊపలేదు. "ఇక ఇంటికెళ్ళి ఆవిణ్ణి కూర్చోబెట్టుకోండి," అన్నారు.

బొమ్మ ఇంటికి తెచ్చుకునే రోజున భార్యని కూడా తీసుకెళ్ళారు. ఆవిడ ముందు మొగుడి బొమ్మ చూసి, "ముక్కు కాస్త వంకర పోయింది," అంది. తర్వాత అసలు బొమ్మ ముందుకెళ్ళింది. చాలాసేపు కదల్లేదు. కాపలాదారు కుర్చీ తెచ్చి వేసినా కూర్చోలేదు.

"ఈవిడ ఇలాగే కూర్చుందా?"

"ఇలాగే కూర్చునుంటుంది."

"వేసేవాడేమీ అనలేదా?"

"ఏమంటాడు? చూసి ఉంటాడంతే."

ఆవిడ చెంప మీద చెయ్యి వేసుకుంది. వేసుకున్నట్టు ఆవిడకే తెలియదు. దారిలో ఆగి కూరగాయలు కొంది.

ఆ ఆదివారం పొద్దున మాస్టారు కిటికీ దగ్గర కుర్చీ వేశారు. ఇచ్చిన మాట ప్రకారం కుడివైపు వెలుగు పడేలా వేశారు. క్యాన్వాసు నిలబెట్టి, రంగులు పిండి, కుంచెలు సర్దారు. సర్దినవే మళ్ళీ సర్దారు. వెనక పెరట్లో ఆవిడ ముఖం కడుక్కుంటున్న చప్పుడు, తర్వాత తువ్వాలు దులిపిన చప్పుడు. ఆ తర్వాత డబ్బీ మూత తీసిన చప్పుడు రావాలి. ఆయన వింటూ నిలబడ్డారు. రాలేదు.

ఆవిడ తడి ఆరని ముఖంతో వచ్చింది. కుర్చీని చూసి, దాన్ని పట్టుకుని ఇటు నుంచి అటు తిప్పి, ఎడమ చెంప వెలుగులో ఉండేలా కూర్చుంది. "ఊఁ, కానివ్వండి. పొయ్యి మీద పప్పు పెట్టి వచ్చాను," అంది.

మాస్టారు కుంచె పక్కన పెట్టి చూశారు. చెవి కింద కాదు, కాస్త ముందుకే మొదలైంది. దవడ దాటలేదు, అంచు దాకా వచ్చి ఆగింది. పైన వెడల్పుగా ఉండి కింద రెండుగా చీలింది. ఆ చీలికలో ముప్ఫై ఆరేళ్ళుగా ఒక చిన్న పుట్టుమచ్చ ఉంది, అది ఉందని ఆయనకి తెలియనే తెలియదు.

కత్తితో తెలుపు కలిపారు, కాస్త గులాబీ, ఓ చుక్క పసుపు. అట్టముక్క కొసకి రాసి, చూసుకుందామని దగ్గరికెళ్ళి ఆవిడ చెంపకి జానెడు దూరంలో పట్టుకున్నారు. ఆవిడ వెంటనే కళ్ళు మూసుకుని ముఖం కొంచెం పైకెత్తింది.

మాస్టారి చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"కళ్ళు తెరువు," అన్నారు మెల్లగా. "ఇది నీకు రాయడానికి కాదు. నిన్ను చూసి బొమ్మకి రాయడానికి."

ఆవిడ కళ్ళు తెరిచింది. అట్టముక్కకేసీ, ఆయనకేసీ చూసింది. మచ్చ కొంచెం ఎర్రబడింది.

"మరి సరిపోయిందా?"

"లేదు," అన్నారు షేడు మాస్టారు. "ఇంకాసేపు చూడాలి."